తరుగు

షట్టర్ సగం దించినంక మా పని మొదలైతది.
హన్మకొండ చౌరస్తా, బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసు,
రెండో అంతస్తు. లిఫ్టు మాకు లేదు.
నలభై కిలోల మిషన్‌ను నేనూ ఓదెలూ
అప్పుడే ఈనిన బర్రెదూడను మోసినట్టు
ఆగుకుంట ఆగుకుంట మోసినం.

మేనేజరు ఫోన్ల లైటేసి చూపిండు:
ఈడ ఇనుపపెట్టె ఈడ్చిన గీత.
ఈడ కుండీ కింద తుప్పు మరక.
ఆడ, ఎవరో కొత్త పిలగాడు
బాత్రూం యాసిడ్‌తోని తుడిస్తే
రాయి నురుగు కక్కి గరుకువడ్డ జాగ.
"తొమ్మిదింటికి మొకం కనవడాలె" అన్నడు, పోయిండు.

మా దిక్కు నల్లరాయికి పొగరెక్కువ,
యాసిడ్ పోసినా కన్నార్పదు.
ఈ తెల్లది రాజస్థాన్ నుంచి లారీల వచ్చింది,
నిమ్మకాయ చుక్క పడ్డా ఏడుస్తది.
దీన్ని బుదరకియ్యాలె.

మరక మీద మందు కలిపిన పిండిని
జొన్నరొట్టె మందం పరిచి కవరు కప్పినం.
గీతల నింపనీకి రాయిపొడి, గమ్ము.
పగిలిన పలక మీద మూడు తెలుపులు కలిపి ఆరవెట్టినం.
నాలుగోది కలిసింది.

లైటును నేలకు ఆనిచ్చి పండవెడితే
రాయి దాచుకున్నదంత బయటవడ్తది.
తలుపు కాడికెల్లి ఒక తొవ్వ,
మసకగ, ఒక మనిషి వెడల్పు,
చేన్ల కాలిబాటోలె వంకర పోయి
ఒకటో నంబరు కౌంటర్ ముందర మడుగు కట్టింది.
తాకట్టు వెట్టే కాడ.
ఆడ నిలవడ్డ కాళ్లు,
ఈ కాలి మీదికెల్లి ఆ కాలి మీదికి
బరువు మార్చుకున్న కాళ్లు,
చెప్పుల ఇసుక, పత్తిచేన్ల మట్టి.

పక్కన రెండో నంబరు.
విడిపించుకునే కాడ.
ఆడ వంగి చూస్తే నా మొకం నాకు కనవడ్డది.

"అన్నా, గీ కౌంటర్‌కు పైసలు తగ్గియ్యొచ్చు" అని
ఓదెలు నవ్విండు.
నేను నవ్వలే.

ఈ మిషన్ ఒకటో నంబర్ల పుట్టింది.
మా స్వరూప గుండ్లపేరు, నాలుగు తులాలు.
తెల్లారగట్ల కుంకుడు రసంతోని కడిగి,
కొంగుకు తుడిచి, తెచ్చి ఇచ్చింది.
తరుగు తీసి మూడుంబావు అని రాసిన్రు.
"తరుగంటే ఏంది సారూ?"
లక్క, మురికి, అరిగిపోయింది. లెక్కల రానిది.
పద్నాలుగు నెలలాయె.
మిత్తి కట్టుడే గని
రెండో నంబరు ముందర ఒక్కనాడు నిలవడలే.

నీళ్లు వదిలిన. మిషన్ గుర్రుమన్నది.
యాభై నంబరు. వంద. రెండొందలు.
తెల్లటి బురద, చిక్కటి మజ్జిగోలె,
గోడల దిక్కు పారింది.
అండ్ల ఎవరెవరి మడిమెలో.
నాలుగొందల కాడ రాయి మబ్బువడ్డది.
ఎనిమిదొందల కాడ కన్ను తెరిసింది.
మూడువేల కాడ
ట్యూబులైటు నేల లోపలికి దిగి నిలవడ్డది.

మజ్జిగను మోరీల పోస్తే గడ్డకట్టి చస్తది.
బస్తాల నింపినం. రెండు బస్తాలు.
ఖాజీపేట దిక్కు బండి కూత.
ఒకటీ రెండూ ఇప్పుడు ఒక్కతీరు.
ఏ జాగల జనం ఆగిన్రో
రాయిని అడిగితే చెప్పదు.

తొమ్మిదింటికి బస్తాలు దించుతుంటే
మెట్ల మీద ఒకాయన ఎదురొచ్చిండు,
ఆటో తోలే ఖాకీ అంగి,
ఎడమచెయ్యి జేబు మీదనే ఉన్నది.
"తెరిసిన్రా అన్నా?"

తెరిసిన్రు, అన్న.
పైలం. జారుతది.